మంద ఎక్కిన గుట్ట

(రైతు వేదికలో గొర్రెల పెంపకం శిక్షణ రోజున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సర్పంచ్ గారికి, పశువుల డాక్టరు సారుకు, వ్యవసాయ విస్తరణ అధికారి గారికి, ముందు వరుసలో కూర్చున్న మా సంఘం పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అక్కచెల్లెళ్లకు దండాలు. అక్కా, ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పరకాల నుంచి, భూపాలపల్లి వైపు నుంచి బండ్ల మీద వచ్చిన తమ్ముళ్లకు కూడా దండాలు. మీలో చాలామంది కొత్తగా గొర్లు పెట్టాలనుకుంటున్నారని డాక్టరు సారు చెప్పారు. "ఏడాది పొడుగునా ఏమేం చేస్తారో పావుగంటలో చెప్పమ్మా" అని అడిగారు. చెబుతాను. కానీ ఈ ఊళ్లో నిలబడి గొర్ల గురించి మాట్లాడాలంటే గుట్ట గురించి మాట్లాడకుండా నా వల్ల కాదు. అది ముందే చెబుతున్నాను.

మాకు 62 గొర్లు, 3 పొట్టేళ్లు. ఈ ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా మామ నా చేతికి ఒక గంప ఇచ్చాడు. అప్పుడే పుట్టిన పిల్లల్ని దాని కింద మూసిపెట్టాలి. అప్పటి నుంచి మంద వెంట మా ఆయన, దొడ్డి దగ్గర నేను.

ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలంటే, నేను రోహిణి కార్తె నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే టీకా అప్పుడే. వానలు పడకముందే చిటుక రోగం టీకా పడాలి తమ్ముడూ. తొలకరికి మొలిచే లేత గడ్డి గొర్రెకు ప్రాణం, ఆ గడ్డే గొర్రెకు గండం. ఆబగా తింటుంది, కడుపులో విషం పుడుతుంది. పొద్దున ఎగిరి దుంకిన పిల్ల సాయంత్రానికి ఉండదు. అందులోనూ బాగా బలిసిన పిల్లే ముందు పోతుంది. చిటికె వేసినంతలో పోతుంది కాబట్టే ఆ పేరు అని మా మామ అనేవాడు. మొదటిసారి వేయించేవాళ్లు రెండు మూడు వారాలకు మళ్లీ ఒకసారి వేయించాలి. టీకా సీసాను ఐసు డబ్బాలోనే తేవాలి. జేబులో పెట్టుకుని ఎండలో తెస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు. ఆ వారంలోనే నట్టల మందు కూడా తాగించండి.

మృగశిరలో రెండు వానలు పడి పచ్చి మేత దొరికాక గొర్లు ఎదకొస్తాయి. 20 గొర్లకు ఒక పొట్టేలు. కడుపు 5 నెలలు. ఆరుద్రలో కట్టినవి కార్తీకం, మార్గశిరంలో ఈనుతాయి. లెక్క ఇంతే. యూట్యూబ్‌లో ఇదంతా దొరుకుతుంది. అక్కడ దొరకనిది ఒకటుంది. వానాకాలం నాలుగు నెలలూ ఆ మందను ఎక్కడ మేపుతావు?

ఒక్కసారి మన ఊరి చుట్టూ చూడండి. మృగశిర దాటితే ఏ చెలకలో చూసినా పత్తి, మక్క. కాలువ కింద వరి. గట్టు మీద కాలు పెడితే రైతు కేకేస్తాడు. ఆయన కేకేయడం న్యాయమే, అది ఆయన బతుకు. ఇక మిగిలింది చెరువు శిఖం, అంటే చెరువు లోపలి అంచు నేల. పచ్చగా కనిపిస్తుంది, మనసు అటే పోతుంది. పోనివ్వకండి. చెరువు అంచున నీళ్లలో నత్తలుంటాయి. ఆ నత్తల నుంచే కార్జపు జలగ గడ్డికి అంటుకుని గొర్రె కడుపులోకి పోతుంది. కొన్ని నెలల తర్వాత దవడ కింద నీటితిత్తి దిగుతుంది. చాలామంది ఆ తిత్తి చూశాకే మందు కోసం ఉరుకుతారు. తడి నేల మీద పొద్దంతా నిలబడితే గిట్టలు మెత్తబడి కుళ్లుతాయి. బురదలో పుట్టే సన్న దోమ కుడితే నీలి నాలుక. ఆ రోగం చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. మూతి వాస్తుంది, నోట్లో పుండ్లు, నాలుక కమిలిపోతుంది, ఆకలితోనే ఉంటుంది కానీ గడ్డిపోచ కొరకలేదు. ఆశ్విజ, కార్తీక మాసాల్లో రాత్రంతా దొడ్డిలో వేపాకు పొగ వేసి, రాగి జావ గొట్టంతో పోసి పోసి, తెల్లారేసరికి చచ్చిన గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాన్ని నేను.

మరి గొర్రెకు ఏం కావాలి? వానాకాలంలో నీళ్లు నిలవని మెరక నేల. మొరం నేల. పొట్టి గడ్డి, నాలుగు తుమ్మ చెట్లు, రెండు రేగు పొదలు. మంచు ఆరిన తర్వాత పది గంటలకు తోలుకుపోతే సాయంత్రం దాకా కాళ్లు తడవకుండా మేసే జాగా. మన ఊరికి అలాంటి జాగా ఒక్కటే ఉంది. బంచరాయి గుట్ట. బంచరాయి అంటే ఊరందరిదీ అయిన మేత భూమి. మన పెద్దలు బుద్ధి లేక దాన్ని పడావు పెట్టలేదు. పశువులకని, జీవాలకని వదిలారు. డాక్టరు సారు సూదితో చేసే పనిలో సగం ఆ గుట్ట చేస్తుంది. ఇది నేను సారు ముందే చెబుతున్నాను. ఆయన తల ఊపుతున్నారు, చూడండి.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి చెప్పాలి. చాలామందికి తెలుసు, మళ్లీ వినండి.

2023 జూలై. పుష్య కార్తె. వారం రోజులుగా ముసురు. 27వ తారీఖు తెల్లారేసరికి పక్కనే ములుగు జిల్లాలో లక్ష్మీదేవిపేటలో 64 సెంటీమీటర్ల పైన వాన పడింది, ఒక్క రోజులో. మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. జనాన్ని హెలికాప్టర్లతో తీశారు. పశువులు కట్టుకొయ్యలకే చచ్చిపోయాయి. ఆ రాత్రి మా మంద వాగు పక్కన మామిడితోటలో ఉంది. తోట రైతు ఎరువు కోసం మంద పెట్టమని అడిగాడు, వల కట్టి పెట్టాం. మా ఆయన కాపలా ఉన్నాడు.

రాత్రి రెండు దాటాక ఫోను. "గొర్లు పండుకుంటలేవు, వలను పొడుస్తున్నయి. నువ్వు రా" అన్నాడు. నేను, నా కొడుకు టార్చిలైటు పట్టుకుని పోయాం. మోకాళ్ల దాకా నీళ్లు. మా మందలో ఒక ముసలి గొర్రె ఉండేది, నుదుటి మీద తెల్లమచ్చ, చుక్క అని పిలిచేవాళ్లం. తొమ్మిది ఈతలు ఈనింది. అమ్మేద్దామని రెండుసార్లు అంగడికి తీసుకుపోయి మనసు రాక తిరిగి తెచ్చాం. అది వలకు అడ్డంగా నిలబడి అరుస్తోంది. వల తీశాం. మేం మందను ఊరి వైపు తోలాలని చూశాం. ఊరు దగ్గర, ఇల్లు ఉంది, దీపాలు కనిపిస్తున్నాయి. చుక్క మాట వినలేదు. ఎడమకు తిరిగి గుట్ట దారి పట్టింది. మా ఆయన కట్టె అడ్డం పెట్టాడు. కట్టె కింద నుంచి దూరిపోయింది. దాని వెనక మంద మొత్తం. చేసేది లేక మేమూ వాటి వెంట ఎక్కాం. నా కొంగులో రెండు గొర్రె పిల్లలు, నా కొడుకు భుజాల మీద ఒకటి.

తెల్లారి చూస్తే మేం తోలాలనుకున్న ఊరి దారి మీద, కల్వర్టు దగ్గర, మనిషి లోతు నీళ్లు. ఆ దారిన పోయి ఉంటే మందలో ఒక్కటి కూడా మిగిలేది కాదు. మేము కూడా. నాలుగు పిల్లలు కొట్టుకుపోయాయి, అవి నేను పట్టుకోలేకపోయినవి. మిగతా మంద గుట్ట మీద తుమ్మ చెట్ల కింద తడిసి నిలబడింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు అక్కడే. ఊరి నుంచి ఇద్దరు తమ్ముళ్లు నెత్తి మీద సద్ది మూట పెట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. వాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నిలబడమంటే సిగ్గుపడతారు. వాళ్ల మేలు మరవను.

మనవాళ్లు మాటల్లో గొర్రెదాటు అంటారు. గొర్రెలాగా తల ఊపుతాడు అంటారు. నాకు ఆ మాట వింటే కష్టంగా ఉంటుంది. మంద ఊరికే ఎవరి వెనకా పోదు. ఏ గొర్రె కాలికి ఏ దారి తెలుసో దానికి తెలుసు. చుక్క చిన్నప్పటి నుంచి ప్రతి వానాకాలం ఆ గుట్ట ఎక్కింది. నేల పొడిగా ఉండేది ఎక్కడో దాని గిట్టలకు తెలుసు. గుట్టకు కంచె ఉండి ఉంటే, ఆ దారి మూసి ఉంటే, దానికి తెలిసిందంతా ఏం చేసుకునేది?

సారు గడియారం చూస్తున్నారు. మిగతా ఏడాది తొందరగా చెబుతాను.

దసరాకు, సంక్రాంతికి, బక్రీదుకు, మేడారం జాతర ఉన్న ఏడాదైతే దానికి నెల ముందు, పొట్టేలు పిల్లలకు ధర ఉంటుంది. బేరగాడు నడుము మీద చేయి వేసి, ఎత్తి చూసి ధర చెబుతాడు. మీరు కాంటా కొనుక్కోండి, దూలానికి వేలాడదీసేది. తూకం చూసి అమ్మండి. ఇంకేం చెప్పక్కరలేదు.

ఈతల కాలం మాత్రం తొందరగా చెప్పేది కాదు. కార్తీకం చలిలో పిల్ల పడగానే మూతి తుడవాలి, బొడ్డుకు టించర్ పెట్టాలి, గంటలోపు ముర్రుపాలు నోట్లో పడాలి. తొలిసారి ఈనిన గొర్రె కొన్నిసార్లు పిల్లను దగ్గరికి రానివ్వదు, తన్నేస్తుంది. ఉమ్మనీరు తడిని తల్లి ముక్కుకు రాయండి, చీకటి మూలన ఇద్దరినీ కలిపి మూయండి. మూడో పూటకు నాకడం మొదలుపెడుతుంది. ఈ నెలన్నర రోజులు ఆడమనిషికి నిద్ర ఉండదు. మీలో ఎవరైనా గొర్లు పెడతామంటే ముందు ఇంట్లో ఆడవాళ్లను అడిగారా అని నేను అడుగుతున్నాను. అడగకపోతే ఈ రోజే ఇంటికి పోయి అడగండి.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి పోతాం, దేవుడి ముందు ముగ్గులతో పట్నం వేయిస్తాం. ఒగ్గు కథలో బీరప్ప గొర్లు కాసే ఘట్టం వస్తే మా ఆయన ఇప్పటికీ ఏడుస్తాడు. ఆ తర్వాత ఒకప్పుడు పొలాలన్నీ ఖాళీ. సంక్రాంతి నుంచి మృగశిర దాకా మంద ఎక్కడైనా మేసేది. రైతులు ఇంటికొచ్చి పిలిచి మంద పెట్టించుకుని వడ్లు కొలిచేవారు. ఇప్పుడు కాకతీయ కాలువ నీళ్లతో యాసంగి వరి వస్తోంది. మంచిదే, రైతు బాగుండాలి. కానీ మాకు ఆ ఖాళీ పోయింది. పత్తి ఏరిన చేలల్లోకి తోలుదామంటే భయం. 2006లో మన వరంగల్ జిల్లాలోనే పత్తి చేలల్లో మేసిన గొర్లు చనిపోయాయని పేపర్లలో వచ్చింది. కారణం మీద పెద్ద పెద్ద వాళ్లు వాదించుకున్నారు. మాకు అర్థమైంది ఒక్కటే, ఏం మందు కొట్టారో అడగకుండా చేనులో కాలు పెట్టకూడదు. వరి కొయ్యకాళ్లు కాలబెట్టకండని రైతన్నలను చేతులెత్తి అడుగుతున్నాను. ఎండాకాలంలో తుమ్మకాయ, రావి ఆకు, దోటితో కోసిన కొమ్మలు, అంతే. ఆ తుమ్మలు కూడా గుట్ట మీదివే. మళ్లీ గుట్ట దగ్గరికే వచ్చాను, చూశారా.

2017లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. మాకూ వచ్చాయి. 2019 లెక్కల్లో మన రాష్ట్రంలో కోటీ 90 లక్షల గొర్లు, దేశంలోనే మొదటి స్థానం. సంతోషం. గొర్లు పెరిగాయి. మేసే నేల ఒక్క గుంట పెరిగిందా? ఎవరైనా చెప్పండి.

మన గుట్టకు ఉత్తరం వైపు ఇప్పుడు మొరం తవ్వుతున్నారు. రాత్రి పదకొండుకు జేసీబీ వస్తుంది, తెల్లారేసరికి ట్రాక్టర్లు పోతాయి. ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. పేరు పెట్టి ఎవరినీ అవమానించడానికి నేను రాలేదు. దక్షిణం వైపు ఎర్ర రంగు రాళ్లు పాతారు. అడిగితే కొలతలకని అన్నారు. చుక్క ఎక్కిన దారి మీద ఇప్పుడు ఆరడుగుల గొయ్యి ఉంది. పోయిన నెల దాంట్లో పడి మా చూడి గొర్రె ఒకటి కాలు విరిగింది.

మా బిడ్డ హన్మకొండలో లా చదువుతోంది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చిందట. ఊరి ఉమ్మడి భూములు ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించి, ఆ భూమిని ఊరికి తిరిగి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పిందట. ఎన్నేళ్లుగా ఆక్రమించుకున్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టుకున్నా అది సాకు కాదంది. ఆ తీర్పు కాగితం నా సంచిలో ఉంది. సర్పంచ్ గారూ, ఇది మీకు ఇస్తున్నాను. అక్టోబర్ 2న గ్రామసభ ఉంది. బంచరాయి గుట్ట హద్దులు కొలిచి, రాళ్లు పాతి, జీవాల మేతకే అని తీర్మానం రాయాలి. మొక్కలు నాటుతామంటే నాటండి, తుమ్మ, రావి, జమ్మి నాటండి. గొర్రె మూతి పెట్టని నీలగిరి వద్దు.

కొత్తగా గొర్లు పెట్టే తమ్ముళ్లూ, మీ ఊళ్లలో కూడా ముందు బంచరాయి ఎంత ఉందో చూసుకుని తర్వాత గొర్లు కొనండి. షెడ్డు ఎంత బాగా కట్టినా వానాకాలం నాలుగు నెలలు షెడ్డులో మేత కొని పెడితే మిగిలేది అప్పే.

ఈ ఆదివారం పొద్దున ఏడింటికి మేం గుట్ట చుట్టూ నడుస్తున్నాం. పాత పహాణీ, అదే భూమి రికార్డు, నకలు తీసి పెట్టాం. గొర్లు ఉన్నవాళ్లే రావాలని లేదు. రైతులు రండి, చదువుకునే పిల్లలు రండి, ఫోన్లతో ఫొటోలు తీయండి. నడవలేని పెద్దవాళ్లు అరుగు మీదే కూర్చోండి, మేమే వస్తాం. పాత హద్దురాయి ఏ చెట్టు దగ్గర ఉండేదో, ఏ బండ మీద గుర్తు ఉండేదో మీకే తెలుసు. మీరు చెప్పండి, మా బిడ్డ రాసుకుంటుంది.