డివైజెస్ సంతలో ఒక ఒట్టు

శ్రోతలందరికీ నమస్కారం. ఇంగ్లండు అనగానే మనవాళ్లు లండన్ దగ్గరే ఆగిపోతారు. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, ప్యాలెస్ గేటు ముందు ఒక ఫొటో, అయిపోయింది. కాస్త ఓపికున్నవాళ్లు స్టోన్‌హెంజ్ రాళ్ల దాకా వెళ్తారు. ఆ రాళ్ల దగ్గర కారెక్కితే అరగంటలో డివైజెస్ అనే ఊరొస్తుంది. విల్ట్‌షైర్ కౌంటీలో చిన్న ఊరు, సంత ఊరు. టూరిస్టు బస్సులు పెద్దగా ఆగవు. ఈరోజు ఆ ఊరి సంగతి చెబుతాను. నాకిచ్చిన టైము తక్కువ, ఊరి చరిత్ర ఎక్కువ, అందుకని రాజులనీ యుద్ధాలనీ రెండు ముక్కల్లో తేల్చేసి నాకు ఇష్టమైన కథ దగ్గర కూర్చుంటాను, ఏమనుకోకండి.

ఆ రెండు ముక్కలూ ఇవి. 12వ శతాబ్దంలో రోజర్ అనే బిషప్పు అక్కడ గొప్ప కోట కట్టాడు. ఆ కాలంలోనే మటిల్డా అనే ఆవిడ, సింహాసనం నాదంటే నాదని తన మేనత్త కొడుకు స్టీఫెన్‌తో యుద్ధం చేస్తూ, 1141లో ఈ ఊరికి సంత జరుపుకొమ్మని హక్కు రాసిచ్చింది. మొదట్లో సంత సెయింట్ మేరీ చర్చి బయట జరిగేది. తర్వాత కోట వైభవం తగ్గింది, కోట బయటి ఆవరణ కాస్తా సంత మైదానమైంది. రాజుకీ పార్లమెంటుకీ మధ్య 1640ల్లో జరిగిన అంతర్యుద్ధం తర్వాత పార్లమెంటు వాళ్లు కోటను పడగొట్టించారు. ఇప్పుడు అక్కడ కనబడే కోట విక్టోరియా కాలంలో కట్టుకున్నది. పాత కోట పోయింది గానీ దాని కందకం వంపు పోలేదు, ఊళ్లో వీధులు ఇప్పటికీ ఆ వంపులోనే తిరుగుతాయి. రాజుల కోట పోయి సంత మిగిలింది, నాకు ఈ సంగతి బలే నచ్చుతుంది.

ఆ సంత మైదానం నడుమ రాతితో కట్టిన ఎత్తైన స్తంభం ఒకటుంది, మార్కెట్ క్రాస్ అంటారు. 1814లో కట్టారు. డబ్బిచ్చింది లార్డ్ సిడ్మౌత్. అంతకుముందు ఇంగ్లండు ప్రధానిగా చేసినాయన, ఈ ఊరి నుంచే చాలా ఏళ్లు పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. సహజంగానే ఒక వైపు ఆయన గొప్ప చెక్కి ఉంటుంది. అది చదివేవాళ్లు తక్కువ. రెండో వైపు ఒక మామూలు ఆడమనిషి కథ చెక్కి ఉంది, జనం ఆగి చదివేది దాన్నే. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

ఆమె పేరు రూత్ పియర్స్. పక్కనే ఉన్న పాటర్న్ అనే పల్లె. 1753 జనవరి 25, గురువారం, సంత రోజు. చలికాలం నడిమధ్య, ఇంట్లో గింజలు అడుగంటే సమయం. రూత్, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఒక బస్తా గోధుమలు కొందామనుకున్నారు. బస్తా మొత్తం కొనే స్తోమత ఏ ఒక్కరికీ లేదు కాబోలు, నలుగురూ వంతులు వేసుకున్నారు. నలుగురిలో ఒకామె డబ్బు వసూలు చేసింది. లెక్కపెట్టింది. తక్కువొచ్చింది.

ఇలాంటి వసూళ్లలో ఎప్పుడైనా కూర్చున్నవాళ్లకి ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుసు. అందరూ ఇచ్చామంటారు, లెక్క మాత్రం తక్కువుంటుంది. ఆమె రూత్ వైపు తిరిగి, నీ వంతే రావాలి, ఇవ్వు అంది. రూత్ ఒప్పుకోలేదు. నా వంతు నేను ఇచ్చేశాను, ఇచ్చి ఉండకపోతే ఇక్కడికిక్కడే పడి చచ్చిపోతాను అని ఒట్టేసింది. మనవాళ్లు ఎన్నిసార్లు అంటారు ఆ మాట! తల్లి మీద ఒట్టు, దేవుడి మీద ఒట్టు, తర్వాత ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం. రూత్ గట్టు మీద పెట్టలేదు. అదే మాట రెండోసారి అంది. అనీ అనగానే, సంత జనమంతా చూస్తుండగా కుప్పకూలిపోయింది. ప్రాణం పోయింది. చూస్తే, దాచిన డబ్బు ఆమె చేతిలోనే ఉంది.

కథ ఇంతే. అరవై ఏళ్ల తర్వాత కూడా ఊరు దీన్ని మరిచిపోలేదు. క్రాస్ కట్టగానే మేయరూ కార్పొరేషన్ వాళ్లూ కూర్చుని, ఈ కట్టడం ఎలాగూ గట్టిగా నిలుస్తుంది గనక ఈ సంగతి కూడా రాబోయే కాలానికి చేరవేద్దాం, అబద్ధాన్నీ మోసాన్నీ కప్పిపుచ్చడానికి దేవుడి పేరు వాడకండని హెచ్చరిద్దాం అని రాయించారు. ఆ మాటలు ఇప్పటికీ రాయి మీద ఉన్నాయి.

నా అభిప్రాయం అడిగితే, ఆ రాయి రూత్‌కి కొంచెం అన్యాయమే చేసింది. భయంతోనో, అవమానంతోనో, జనం చుట్టూ మూగి చూస్తుంటేనో గుండె ఆగిపోయి ఉండొచ్చు. చేతిలో డబ్బు ఉందంటే ఎగ్గొడదామనే పట్టుకుందా, ఇచ్చేద్దామని గుప్పిట తెరవబోయి నోరు జారిందా, ఎవరు చెప్పగలరు? డబ్బు వసూలు చేసినామె పేరు రాయి మీద లేదు. మిగతా ఇద్దరి పేర్లూ లేవు. రూత్ పేరు మాత్రం, ఊరి పేరుతో సహా, శాశ్వతంగా ఉండిపోయింది. మోసం చేసినవాళ్లందరి పేర్లూ సంతల్లో చెక్కాలంటే ఇంగ్లండులో రాళ్లు చాలవు.

కానీ సంత నడిపేవాళ్ల వైపు నుంచి కూడా చూడాలి. సంత నడిచేది నమ్మకం మీద. నీ వంతు, నా వంతు, నీ తూకం, నా మాట. అది దెబ్బ తింటే రేపు నలుగురు కలిసి బస్తా కొనలేరు. అదే మైదానంలో తర్వాత 1857లో కార్న్ ఎక్స్చేంజ్ కట్టారు, ధాన్యం బేరాలకని, దాని నెత్తిన ధాన్యం దేవత సీరీస్ విగ్రహం నిలబెట్టారు. గింజ అంటే ఆ ఊరికి అంత పట్టింపు.

అయితే ఇదే ఊరు ఇంకో అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుంటుంది, తమాషా అక్కడుంది. ఊళ్లో క్రామర్ అని ఒక చెరువుంది. వెనకటికి దొంగసరుకు రవాణా చేసేవాళ్లు పన్ను కట్టని బ్రాందీ పీపాలు ఆ చెరువులో ముంచి దాచారట. వెన్నెల రాత్రి, చివర దువ్వెన లాంటి పళ్లున్న పొడుగాటి కర్రలతో వాటిని పైకి లాగుతుంటే సుంకం అధికారులు వచ్చిపడ్డారు. ఏం చేస్తున్నార్రా అన్నారు. వీళ్లు నీళ్లలో కనబడే చంద్రుణ్ణి చూపించి, అదిగో, పెద్ద చీజ్ ముద్ద పడిపోయింది, లాగుతున్నాం బాబయ్యా అన్నారు. పిచ్చి మాలోకాలు అనుకుని అధికారులు పడీ పడీ నవ్వుకుంటూ పోయారు. పీపాలు ఇంటికి చేరాయి. ఈ కథ మా చెరువుదంటే మా చెరువుదని చుట్టుపక్కల పల్లెలూ పోటీ పడతాయి. విల్ట్‌షైర్ జనం ఇప్పటికీ తమని తాము మూన్‌రేకర్స్ అని, అంటే చంద్రుణ్ణి లాగేవాళ్లమని, గర్వంగా చెప్పుకుంటారు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. పొరుగింటామెని కొన్ని పెన్నీలకు మోసం చేస్తే రాయి మీద శిక్ష. సర్కారుని పీపాలకు పీపాలు మోసం చేస్తే ఊరంతా పండగ. ఒక ఊరి గుణం తెలియాలంటే నన్నడిగితే ఇలాంటి చోట వెతకాలి, దేనికి ముఖం మాడుస్తారో, దేనికి నవ్వుతారో. మనూళ్లల్లో కూడా దాదాపు ఇదే లెక్క కదా, కాదంటారా?

టైము దగ్గర పడుతోంది, రెండు సంగతులు గబగబా. సంత మైదానం పక్కనే బేర్ అనే పాత హోటలుంది. 18వ శతాబ్దంలో దాన్ని నడిపినాయన కొడుకు, చిన్న పిల్లవాడు, దిగిన అతిథుల బొమ్మలు గీసి మెప్పించేవాడు. అతనే తర్వాత రాజుల చిత్రాలు గీసిన సర్ థామస్ లారెన్స్. రెండోది కాలువ. ఊరి పక్క గుట్ట మీదికి కెనెట్ అండ్ ఎవన్ కాలువ ఎక్కుతుంది, అవును, ఎక్కుతుంది. రెండు మైళ్లలో 237 అడుగులు, 29 లాకులు (గేట్లు మూసి నీళ్లు నింపి పడవని పైకి లేపే తొట్టెలు), అందులో 16 ఒకే వరసలో. జాన్ రెన్నీ అనే ఇంజనీరు చేయించాడు, 1810లో పూర్తయింది. మన గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకి పడవ ఎలా లేస్తుందో చెప్పక్కర్లేదు, అలాంటివి 29 దాటాలని మాత్రం ఊహించుకోండి. గేట్లు పడవవాళ్లే చేత్తో తోసుకోవాలి. సగం రోజు దానికే సరి.

ఇక అసలు పనికొచ్చే ముక్క. పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్లే తల్లిదండ్రులు చాలామంది వింటుంటారు గనక చెబుతున్నాను. డివైజెస్‌కి రైలు లేదు, 1966లోనే ఆ లైను మూసేశారు. లండన్ పాడింగ్టన్ నుంచి రైల్లో స్విండన్‌కో బాత్‌కో వెళ్లి, అక్కడ బస్సెక్కాలి. వెళ్తే గురువారమే వెళ్లండి. రూత్ పియర్స్ వచ్చిన వారమే, ఇప్పటికీ పెద్ద సంత గురువారమే. మీ అబ్బాయో అమ్మాయో, ఆఫీసుంది అమ్మా, శని ఆదివారాల్లో కార్లో తీసుకెళ్తాం అంటారు. వద్దని చెప్పండి. మీరిద్దరే బస్సులో వెళ్లండి, భయపడాల్సిందేం లేదు, డ్రైవరుకి ఊరి పేరు చెబితే చాలు. పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం దాటితే కొట్లు సర్దేస్తారు. క్రాస్ దగ్గర లార్డు గారి పేరున్న వైపు నిలబడి ఇంతేనా అనుకుని వచ్చేయకండి, రెండో వైపుకి తిరగండి. అక్షరాలు చిన్నవి, చదువుకునే కళ్లజోడు పట్టుకెళ్లండి.