అడిగింది 20,000 సెకన్లు, పట్టింది దాదాపు ఒక రోజు: ఆస్ట్రోశాట్ దినచర్యపై చర్చ

(బెంగళూరు స్టూడియో. పాల్గొన్నవారు: ఉపగ్రహ ఆపరేషన్స్ ఇంజనీరు, అతినీలలోహిత ఖగోళ శాస్త్రవేత్త.)

యాంకర్: నమస్కారం. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్‌కి ఆదేశాలు వెళ్లేది ఇక్కడి ఇస్రో కేంద్రం పీణ్య నుంచే, డేటా చేరేది బెంగళూరు దగ్గరి బ్యాలాలుకి. సర్, ఒక లక్ష్యాన్ని చూడటానికి శాస్త్రవేత్త ప్రతిపాదనలో 20,000 సెకన్లు అడిగారనుకోండి, అంటే ఐదున్నర గంటలు. మరి రోజంతా ఎందుకు?

ఇంజనీరు: ఇక్కడ కూడికలకన్నా తీసివేతలెక్కువండి. 650 కిలోమీటర్ల ఎత్తులో ఒక చుట్టుకు 98 నిమిషాలు. అక్కణ్ణుంచి చూస్తే భూమి ఆకాశంలో 130 డిగ్రీల మేర అడ్డంగా ఉంటుంది. కక్ష్య తలానికి దగ్గర్లో ఉన్న లక్ష్యమైతే చుట్టుకు 35 నిమిషాలు భూమి చాటునే.

శాస్త్రవేత్త: ఎక్స్‌రే పరికరాలకు మిగతా కాలం పనికొస్తుంది. మా అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్‌కి అదీ లేదు. పగటి వెలుతురు పడదు, భూమి నీడలో ఉన్నప్పుడే తీయాలి. నీడ ఎక్కువలో ఎక్కువ 35 నిమిషాలు. డిటెక్టర్ల హై వోల్టేజిని మెల్లగా ఎక్కించి, మెల్లగా దించాలి. 28 నిమిషాలు మిగిలాయనుకోండి, 1,680 సెకన్లు. ఇరవై వేలకు పన్నెండు చుట్లు, అంటే పందొమ్మిదిన్నర గంటలు.

యాంకర్: అన్నీ కలిసొస్తేనా?

శాస్త్రవేత్త: అవును, అన్నీ కలిసొస్తేనే. దక్షిణ అట్లాంటిక్ అనామలీ కోత అందులో లేదు.

ఇంజనీరు: దక్షిణ అట్లాంటిక్ ప్రాంతం మీద భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీ కిందికి దిగి ఉంటుంది, దాన్నే అనామలీ అంటాం. అందులోకి వెళ్లేముందు వోల్టేజి దించకపోతే ఎక్స్‌రే డిటెక్టర్లకే ముప్పు. భూమధ్యరేఖకు కక్ష్య వాలు 6 డిగ్రీలే కాబట్టి దాని అంచు మాత్రమే తగులుతుంది. ఆ వాలును ఎంచుకోవడానికి అదొక కారణం. దానివల్ల ఇంకో లాభం, రోజులో చాలా చుట్లలో బెంగళూరు కంటబడుతుంది, పది పన్నెండు నిమిషాలు. ధ్రువ కక్ష్య ఉపగ్రహాలకు ఆ భాగ్యం లేదు.

యాంకర్: ఆ పది నిమిషాల్లో డేటా అంతా దిగుతుందా?

ఇంజనీరు: రికార్డరు 200 గిగాబిట్లు. రెండు లింకులు కలిపి సెకనుకు 210 మెగాబిట్లు, పది నిమిషాలకు 126 గిగాబిట్లు. మామూలు రోజున చాలు. స్కార్పియస్ ఎక్స్-1 లాంటి, ఎక్స్‌రేల్లో బాగా ప్రకాశించేదాన్ని చూసినప్పుడే ఇబ్బంది. మా ఎక్స్‌రే పరికరం లాక్స్‌పీసీ ఒక్కో ఫోటాన్‌నీ సమయంతో సహా రాస్తుంది, రికార్డరు చూస్తుండగానే నిండుతుంది. అలాంటి లక్ష్యాన్ని షెడ్యూల్లో పెట్టేటప్పుడు ఉపగ్రహం మళ్లీ బెంగళూరు మీదుగా వచ్చే పాస్ ఎప్పుడో ముందే చూసుకుంటాం.

యాంకర్: దిశల్లో కూడా ఆంక్షలున్నాయా?

శాస్త్రవేత్త: సూర్యుడికి 45 డిగ్రీల లోపు చూడకూడదు. పీత నెబ్యులాను తీసుకోండి. మృగశిర కార్తెలో సూర్యుడు సరిగ్గా దాని పక్కనే ఉంటాడు. మే నుంచి జులై చివరిదాకా దాని ఊసెత్తనక్కర్లేదు. రెండోది చాలామంది మరిచిపోతారు. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతోంది, ఎదురుగాలిలా పరమాణు ఆక్సిజన్ తగులుతుంది. అది అద్దాల పూతను పాడు చేస్తుంది. అందుకని పోయే దిశకు 12 డిగ్రీల లోపు గురిపెట్టకూడదు.

ఇంజనీరు: ఇక్కడే తేదీ ఎంపిక ముఖ్యం. కక్ష్య తలం మెల్లగా తిరుగుతూ సుమారు 50 రోజులకోసారి మొదటి చోటికి వస్తుంది. డిక్లినేషన్, అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి దూరం, 10 డిగ్రీలున్న లక్ష్యం ఆ తలానికి ఒకసారి 4 డిగ్రీల దూరంలో ఉంటుంది, ఒకసారి 16. మనకు 12 దాటిన రోజులే కావాలి. ప్రతిపాదనలో 'ఫలానా వారమే కావాలి' అని కారణం లేకుండా రాస్తే అవకాశాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే.

యాంకర్: దరఖాస్తుదారులు చేసే ఇంకో పొరపాటు?

శాస్త్రవేత్త: తమ లక్ష్యం మసకగా ఉంది కదా అని పక్కన చూడరు. యూవిట్‌కి ఒకేసారి కనిపించే ఆకాశం 28 ఆర్క్‌మినిట్లు, దాదాపు పున్నమి చంద్రుడంత. మూలన ఒక్క వేడి నీలి నక్షత్రం ఉన్నా చాలు, రక్షణ వ్యవస్థ వోల్టేజి కట్ చేస్తుంది, ఆ చుట్టు పోయినట్టే. ఎక్కువ వెలుగు రానిచ్చే వైడ్ ఫిల్టరు అడిగినవాళ్లు ఆ నక్షత్రాల వెలుగును సఫైర్, సిలికా అనే ఇతర ఫిల్టర్లలో కూడా లెక్క కట్టి ఇవ్వాలి. నా దృష్టిలో ప్రతిపాదనలో సైన్సు పేరాకంటే ఈ లెక్కకే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఇంకా పాత ప్రతిపాదనను నకలు చేసి ఎన్‌యూవీ (సమీప అతినీలలోహిత ఛానెల్) అడిగేవాళ్లున్నారు! ఆ ఛానెల్ 2018లోనే పోయింది. ఇప్పుడు ఎఫ్‌యూవీ (దూర అతినీలలోహితం), దాంతో విజిబుల్. విజిబుల్ ఛానెల్ ముఖ్యంగా ఉపగ్రహం ఎటు జరిగిందో కనిపెట్టడానికి. ఆ కదలికను తర్వాత నేల మీద సరిచేస్తాం.

యాంకర్: మధ్యలో ఏదో నక్షత్రం హఠాత్తుగా పేలితే?

ఇంజనీరు: దానికి అత్యవసర లక్ష్యం కింద వేరే దరఖాస్తు ఉంది. ఒప్పుకుంటే సమయం ముద్రించిన కమాండ్లన్నీ మళ్లీ తయారుచేయాలి. సూర్యకోణం, ఎదురుగాలి కోణం, నక్షత్రాల లెక్క అన్నీ మొదటినుంచీ చూసుకోవాలి. తొందరలో కూడా ఏ ఒక్కటీ వదలం.

యాంకర్: పక్కకు జరిగినవాళ్ల గతి?

ఇంజనీరు: దిశ అనుకూలిస్తే కొద్ది రోజుల్లో మళ్లీ పెడతాం. లక్ష్యం సూర్యుడి దారైన క్రాంతివృత్తం మీద ఉండి, సూర్యుడు అటువైపే వస్తుంటే మాత్రం మూడు నెలలు ఆగాల్సిందే.