కానే నుంచి ఆడ్రియానోపుల్ దాకా: రోమ్ సైన్యం ఎక్కడ విరిగింది?

అందరికీ నమస్కారం.

రోమ్ ఎందుకు పడిపోయింది అని అడిగితే చాలామంది ఒకటే చెప్తారు, బయటి తెగలు వచ్చి కొట్టాయని. ఆ జవాబుతో నాకెప్పుడూ తృప్తి కలగలేదు, ఎందుకంటే రోమ్‌ని అంతకుముందు కూడా కొట్టారు, అదీ చావగొట్టారు.

క్రీ.పూ. 216 ఆగస్టు 2. దక్షిణ ఇటలీలో కానే దగ్గర కార్తేజ్ సేనాని హానిబాల్ తనకంటే పెద్ద రోమన్ సైన్యాన్ని నాలుగువైపులా చుట్టేశాడు. చీకటి పడేలోగా 48 వేలమందికి పైగా చచ్చిపోయారని రోమన్ చరిత్రకారుడు లివీ లెక్క. రోమ్‌ని ఏలే ఇద్దరు కాన్సుల్స్‌లో ఒకడు పోయాడు, పెద్దల సభ సెనేట్‌కి చెందినవాళ్లు 80 మంది దాకా పోయారు. ఆ ఏడాది పంటల దేవత సెరీస్‌కి ఆడవాళ్లు చేసే పూజ ఆగిపోయింది. మైలలో ఉన్నవాళ్లు ఆ పూజ చేయకూడదు, మైల లేని ఇల్లాలు ఊళ్లో ఒక్కరు కూడా దొరకలేదు. నేను కానే గురించి ఎంత చదివినా, వ్యూహాల పటాలు ఎన్ని చూసినా, మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ ఆగిపోయిన పూజే.

మరి రోమ్ సంధి అడిగిందా? లేదు. ఏడుపు 30 రోజుల్లో ముగించాలని సెనేట్ ఆజ్ఞ వేసింది. ఎప్పుడో గెలిచి గుళ్లలో వేలాడదీసిన శత్రువుల ఆయుధాల్ని దించి కుర్రాళ్ల చేతికిచ్చారు. ప్రభుత్వ సొమ్ముతో 8,000 మంది బానిసల్ని కొని, ఒక్కొక్కడినీ "నీకు ఇష్టమేనా?" అని అడిగి మరీ సైన్యంలో చేర్చుకున్నారు, రెండేళ్లకి దక్షిణ ఇటలీలోని బెనెవెంటమ్‌లో వాళ్లు గెలిచి స్వేచ్ఛ సంపాదించుకున్నారు. క్రీ.పూ. 211లో హానిబాల్ నగరానికి మూడు మైళ్ల దూరంలో గుడారాలు వేసినప్పుడు, సరిగ్గా ఆ గుడారాల కింది పొలం రోమ్‌లో అమ్మకానికొచ్చింది, ధర ఒక్క పైసా తగ్గలేదట!

ఆ ధైర్యం ఎక్కడిదంటే, నా ఉద్దేశంలో, పొలం నుంచే వచ్చింది. అప్పటి సైనికుడు సొంత భూమి ఉన్న రైతు. డాలూ కత్తీ తనే కొనుక్కుని వచ్చేవాడు, కాపాడుకునేది తన గట్టునే. ఆ రైతుని దెబ్బతీసింది రోమ్ గెలుపులే. ఏళ్ల తరబడి స్పెయిన్‌లో యుద్ధం చేస్తుంటే ఇక్కడ పొలం బీడు పడేది, పక్కనున్న పెద్ద ఆసామి దాన్ని కలిపేసుకుని యుద్ధంలో పట్టుకొచ్చిన బానిసలతో సాగు చేసేవాడు. భూములు తిరిగి పంచాలన్న ప్రజా ప్రతినిధి టైబీరియస్ గ్రాకస్‌ని క్రీ.పూ. 133లో కొట్టి చంపారు. 107లో మారియస్ అనే సేనాని భూమి లేనివాళ్లని సైన్యంలోకి తీసుకున్నాడు, మరో ఇరవై ఏళ్లకి సుల్లా అనే ఇంకో సేనాని అలాంటి సైన్యాన్నే రోమ్ మీదకి నడిపించాడు. జీతగాళ్ల సైన్యం చేతకానిదని నేననను, సామ్రాజ్యాన్ని రెండు వందల ఏళ్లకు పైగా కాపాడింది అదే. కానీ సరిహద్దులో కాపలా ఎవరో కాస్తున్నారు కదా అని లోపలివాళ్లకి యుద్ధం పరాయిదైపోయింది.

ఇప్పుడు క్రీ.శ. 376కి రండి. హూణుల భయంతో గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్లు సామ్రాజ్యపు సరిహద్దు నది డాన్యూబ్ దాటి శరణు కోరారు. రోమన్ అధికారులు వాళ్ల ఆకలిని బేరం పెట్టారు: ఒక కుక్కని తినడానికిస్తే బదులుగా ఒక పిల్లవాడు బానిస. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. తిరుగుబాటు రాకుండా ఎలా ఉంటుంది? 378 ఆగస్టు 9న ఆడ్రియానోపుల్ (ఇప్పటి టర్కీలోని ఎదిర్నే) దగ్గర వాలెన్స్ చక్రవర్తి, ఆయన సైన్యంలో మూడింట రెండు వంతులు నేలకూలారు, చక్రవర్తి శవం కూడా దొరకలేదు. కానే తర్వాత ఇంత ఊచకోత ఇదేనని ఆ కాలపు చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు.

ఓటమి అలాంటిదే, కానీ తర్వాత జరిగింది చూడండి. పటాలంలో చేరకుండా తప్పించుకోవడానికి కుర్రాళ్లు బొటనవేలు కోసుకునేవాళ్లు. ఏకలవ్యుడు గురువు కోసం ఇచ్చిన వేలు ఇక్కడ చాకిరీ తప్పించుకోవడానికి తెగింది. 381 నాటి చట్టం, వేలు తెగినవాణ్ణీ వదలొద్దంది. సైన్యానికి మనుషుల్ని పంపాల్సిన భూస్వామి, వేళ్లన్నీ ఉన్న ఒక్కడికి బదులు అలాంటివాళ్లని ఇద్దరిని పంపాలి. 382లో గోత్‌లతో ఒప్పందం కుదిరి, వాళ్లు సామ్రాజ్యం లోపలే తమ నాయకుల కిందే ఉంటూ రోమ్ తరఫున పోరాడటం మొదలైంది.

408లో గోత్‌ల నాయకుడు అలారిక్ రోమ్‌ని ముట్టడించాడు. బంగారం పుచ్చుకుని దారి విడిచాక, ఆ చలికాలంలో నగరంలోని బానిసలు రోజూ గుంపులు గుంపులుగా గేటు దాటి వెళ్లి అతనితో కలిశారు. దాదాపు 40 వేలమంది అయ్యారని చరిత్రకారుడు జోసిమస్ రాశాడు.