స్టిక్కరు లేని ట్యూబు

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు, హోదాలు ఇప్పటికే రెండుసార్లు చదివారు. మూడోసారి నేను చదివితే వాళ్లకే విసుగు పుడుతుంది. శిక్షణ ముగించుకుని రేపటి నుంచి డ్యూటీ ఎక్కబోతున్న మీ అందరికీ అభినందనలు. నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. ఇచ్చిన అంశం "శ్వాసకోశ వైరస్ సోకిన రోగుల రక్త నమూనాల భద్రత".

శీర్షిక చూడగానే ఒక సందేహం వచ్చింది. ఎవరి భద్రత? నమూనా నుంచి మనకా, మన నుంచి నమూనాకా? నిర్వాహకులకు ఫోను చేసి అడిగాను. "రెండూ కలిపి చెప్పెయ్యండి సార్" అన్నారు. సరే అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను: రక్తం తీయడం, ల్యాబ్‌కు చేర్చడం, పరీక్షించడం. కాగితం ఇదిగో, చేతిలోనే ఉంది. వరసగా వెళ్తానన్న నమ్మకం మాత్రం నాకే లేదు. ముందు ఒక స్టిక్కరు గురించి చెప్పాలి.

2020లో నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌కు ఇన్‌ఛార్జిగా ఉన్నాను. కోవిడ్ వార్డు నుంచి వచ్చే నమూనాలు తక్కినవాటిలో కలిసిపోకూడదని ఎర్ర స్టిక్కర్లు అచ్చు వేయించాం. వేయించాం అంటున్నాను గానీ, వేయించింది నేనే. బొటనవేలంత స్టిక్కరు, దాని నిండా "కోవిడ్" అన్న అక్షరాలు. గొప్ప పని చేశాననుకున్నాను.

ఒక రాత్రి, రెండు గంటలప్పుడు, ఆ స్టిక్కరు అంటించిన సంచి ఒకటి ల్యాబ్‌కు వచ్చింది. తెచ్చిన మనిషి దాన్ని బల్ల మీద పెట్టలేదు. గుమ్మం బయట స్టూలు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, "వచ్చింది" అని కేకేసి వెళ్లిపోయాడు. లోపల ఇద్దరున్నారు. ఆమె తీస్తుందని ఇతను, ఇతను తీస్తాడని ఆమె. గంట గడిచాక ఇద్దరిలో ఒకరికి మనసు ఒప్పక, పాడవకుండా ఉంటుందిలే అని, సంచిని సంచిలాగే ఫ్రిజ్‌లో పెట్టారు. పొద్దున డ్యూటీకి వచ్చినవాళ్లు ఎనిమిదిన్నరకు దాన్ని బయటికి తీసి, కణాల నుంచి సీరం అనే తేట ద్రవాన్ని వేరు చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పారు.

ఏం జరిగిందో ఎంతమందికి అర్థమైంది? ముందు వరుసలో ఒకమ్మాయి నవ్వుతోంది, ఆమెకు తెలిసిపోయింది. పొటాషియం! సీరం వేరు చేయకుండా రక్తాన్ని చల్లబరిస్తే, ఎర్రకణాల్లో పొటాషియాన్ని పట్టి ఉంచే పంపు మందగిస్తుంది. లోపలున్నది మెల్లగా బయటికి వచ్చేస్తుంది. కణాలు చిట్లవు కాబట్టి సీరం ఎరుపెక్కదు, చూడటానికి తేటగా ఉంటుంది, అనుమానమే రాదు. రిపోర్టు 6.9 వచ్చింది. గుండె లయ తప్పి ప్రాణం మీదికి వచ్చే అంకె అని వార్డుకు ఫోను చేశాం. అక్కడి డాక్టరు ఈసీజీ చూసి, "ఇతని గుండెకు మీ రిపోర్టు సంగతి ఇంకా తెలిసినట్టు లేదు, మళ్లీ తీద్దాం" అన్నారు. రెండోసారి 4.3 వచ్చింది.

ఆ "రెండోసారి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఊపిరాడక అవస్థ పడుతున్న మనిషి చేతికి ఇంకో పోటు. రక్తం తీసే అమ్మాయి ఆ గౌను, ఆ కళ్లద్దాలు, ఆ గ్లవ్స్ మళ్లీ తొడుక్కుని, దగ్గుతున్న మనిషి ముఖానికి మూరెడు దూరంలో మళ్లీ నిలబడింది. ట్యూబును చూసి భయపడింది ల్యాబ్‌లో ఉన్న మేము. ఆ భయానికి మూల్యం చెల్లించింది ఆమె.

పోనీ, ఆ భయానికి ఆధారం ఉందా? 2020లో చైనా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 205 మంది కోవిడ్ రోగుల నుంచి 1,070 నమూనాలు తీసి చూశారు. ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలో 93 శాతం, కఫంలో 72 శాతం, ముక్కు నుంచి తీసినవాటిలో 63 శాతం నమూనాల్లో వైరస్ జన్యుపదార్థం దొరికింది. రక్తంలో? 307 నమూనాలకు మూడు. ఒక్క శాతం. అంతకుముందు వచ్చిన మరో నివేదికలో 41 మందిలో ఆరుగురి రక్తంలో కనిపించింది, కాబట్టి ఎప్పుడూ ఉండదని నేను అనను. అయితే జన్యుపదార్థం దొరకడం వేరు, ఇంకొకరికి అంటుకోగల వైరస్ ఉండటం వేరు. ఇల్లు కాలిపోయాక బూడిద దొరికితే నిప్పు దొరికినట్టు కాదు కదా. మామూలు రక్తపరీక్షలకు సాధారణ రోగనిర్ధారణ ల్యాబ్‌లో ఉండే రెండో స్థాయి జీవభద్రత చాలని, వైరస్‌ను పెంచే పనికే మూడో స్థాయి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

ప్రమాదం ట్యూబులో కన్నా గదిలో ఎక్కువ. అంటే రోగి ఊపిరిలో. అందుకే రక్తం తీసేటప్పుడు రోగికి మాస్కు పెట్టించండి. పెట్టుకోలేని స్థితిలో ఉంటే ముఖం అటు తిప్పమనండి. ఎదురుగా కాకుండా పక్కగా నిలబడండి. ట్యూబులు, దూది, ప్లాస్టరు, సూదుల డబ్బా, అన్నీ ముందే సర్దుకుని గదిలోకి వెళ్లండి. దూది మరిచిపోయి మధ్యలో బయటికి పరిగెత్తేవాళ్లు రోజుకొకరు కనిపిస్తారు. నరం కోసం వెతికే తొందరలో రబ్బరు పట్టీ విప్పడం మరవకండి, నిమిషం దాటనివ్వకండి.

ఇక అదే వారంలో జరిగిన రెండో సంగతి. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా చెప్పాలి. మా దగ్గర ఒకామె ఎర్ర స్టిక్కరు ఉన్న ట్యూబులన్నీ రెండు జతల గ్లవ్స్‌తో ముట్టుకుంది. ఆ పని ముగించి, హమ్మయ్య అని గ్లవ్స్ తీసేసి, స్టిక్కరు లేని ట్యూబుల వైపు తిరిగింది. వాటిలో ఒక ట్యూబు మూతి దగ్గర పగిలి ఉంది. వేలు తెగింది. ఆ రక్తం హెపటైటిస్ బి, అంటే రక్తం ద్వారా అంటుకునే కాలేయ వ్యాధి, ఉన్న మనిషిదని మధ్యాహ్నానికి తేలింది. ఆమె మూడు డోసుల టీకా వేయించుకుని ఉంది, ప్రతిరక్షకాలు సరిపడా ఉన్నాయని తేలింది, ఏమీ కాలేదు. టీకా లేకపోతే? హెపటైటిస్ బి సూది పోటుతో అంటుకునే అవకాశం, రోగిలో వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి, ఆరు నుంచి ముప్పై శాతం. హెచ్ఐవి అయితే మూడు వందల పోట్లకు ఒకటి. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఏడు రోజులు బతుకుతుంది. బల్ల మీద మీరు చూడని చుక్కలో!

ఆమె చేతి గ్లవ్స్ తీయించింది ఎవరు? నా స్టిక్కరు. ఒక ట్యూబు మీద "ప్రమాదం" అని రాస్తే, పక్క ట్యూబు మీద "పరవాలేదు" అని రాసినట్టే. ఈ తెలివి నాకు ఆ రోజు కొత్తగా వచ్చిందంటే సిగ్గుపడాలి. ఎయిడ్స్ వచ్చిన 1980ల్లోనే, ఎవరి రక్తంలో ఏముందో ముఖం చూసి చెప్పలేం కాబట్టి అందరి రక్తాన్నీ ఒకేలా చూడాలన్న నియమం పుట్టింది. నేను చదువుకున్నాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి.

స్టిక్కరు మీద ఇంత కోపమేమిటి అనుకుంటున్నారా? సింగపూర్ సంగతి వినండి. 2003 సెప్టెంబరు. కోవిడ్ లాంటిదే మరో శ్వాసకోశ వైరస్ జబ్బు సార్స్, దాని వ్యాప్తి ఆగిపోయి నెలలు దాటింది. అక్కడ ఒక విద్యార్థికి సార్స్ వచ్చింది. అతను పని చేసింది సార్స్ మీద కాదు, దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ మీద. ఆ ల్యాబ్‌లో అతను వాడిన నమూనాలో సార్స్ వైరస్ కలిసిపోయి ఉందని విచారణలో తేలింది. సీసా మీది పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి. అతను బతికాడు, ఇంకెవరికీ అంటలేదు. అది వైరస్‌ను పెంచే ల్యాబ్, మన లాంటిది కాదు. కానీ చీటీని నమ్మి చేతులు చాపే అలవాటు అక్కడా ఇక్కడా ఒకటే.

నిర్వాహకులు చీటీ పంపారు, అయిదు నిమిషాలట. నా మూడు భాగాల్లో ఒకటిన్నర అయింది. మిగతాది గబగబా చెబుతాను.

సూదికి మూత తిరిగి పెట్టకండి. సిరంజితో తీసిన రక్తాన్ని ట్యూబులోకి నెట్టకండి. ట్యూబును చేత్తో పట్టుకోకుండా స్టాండులో నిలబెట్టి సూది దించితే లోపలి శూన్యమే లాక్కుంటుంది. ధమని నుంచి తీసిన సిరంజిలో గాలిబుడగ వదిలేటప్పుడు గాలిలోకి చిమ్మేవాళ్లు ఉన్నారు, దూది అడ్డం పెట్టండి. ఏ పరీక్షలో రాసిన కాగితాన్ని ట్యూబుకు చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి. ట్యూబు కారితే ఆ కాగితం పది చేతులు మారుతుంది. ట్యూబు ఒక సంచిలో, కాగితం బయటి అరలో. మూతలు బిగించి, నిలువుగా, చేత్తో తీసుకెళ్లండి. గాలి ఒత్తిడితో నమూనాలను నెట్టే గొట్టాల్లో పంపవద్దు. చక్కెర పరీక్షకు తీసిన రక్తంలో కణాలను వేరు చేయకుండా ఉంచితే అందులో చక్కెర గంటకు అయిదు నుంచి ఏడు శాతం పడిపోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

వైరస్ చావాలని ట్యూబును 56 డిగ్రీల్లో అరగంట వేడి చేస్తామని అడిగినవాళ్లు ఉన్నారు. రక్తం గడ్డకట్టే పరీక్షలకు పంపిన ట్యూబును అలా చేస్తే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ముందే గడ్డలై వేరైపోతుంది, కొన్ని ఎంజైములు దెబ్బతింటాయి. వైరస్ చస్తుందేమో గానీ రిపోర్టు కూడా చస్తుంది.

రక్తం ఒలికితే వెంటనే తుడవకండి. పీల్చే గుడ్డ కప్పి, ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) అంచుల నుంచి లోపలికి పోసి, కనీసం పది నిమిషాలు ఆగండి. అయిదు శాతం ద్రావణం ఒక వంతుకు నీళ్లు నాలుగు వంతులు, ఏ రోజుకారోజు కలిపింది. నిన్నటిది వాసన ఉంటుంది గానీ బలం ఉండదు.

ఇంకొకటి, గ్లవ్స్. రెండు జతలు వేసుకుని, అదే చేత్తో జేబులోంచి ఫోను తీసి, చెవికి ఆనించుకున్న మహానుభావులను చూశాను. నవ్వుతున్నారు. నవ్వుతున్నవాళ్లలో ఎంతమంది చేశారో చేతులెత్తమంటే? వద్దులెండి.

సెంట్రిఫ్యూజ్ గురించి గంట మాట్లాడదామనుకున్నాను. ఒక్క మాటతో ఆపుతాను. తిరుగుతుండగా లోపల టక్కుమని శబ్దం వస్తే ట్యూబు పగిలిందని అర్థం. స్విచ్ కట్టేయండి, మూత తెరవకండి. లోపలి తుంపర్లు కిందికి దిగడానికి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ ముప్పై నిమిషాలూ రిపోర్టు ఏదని వార్డు నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎత్తి మాట్లాడండి. గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని ఎత్తండి.