తొమ్మిది గెలుపులు చాలవన్నవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

2003 నవంబరు ఆఖర్లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్ ఫ్రాంక్ సోలిచ్‌ను తీసేసింది. ఆ ఏడు ఆయన జట్టు 12 ఆటలాడి 9 గెలిచింది. తీసేయడానికి ముందురోజే కొలరాడో వాళ్లను వాళ్ల ఊళ్లోనే ఓడించి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట దాకా కూడా వెళ్లింది. అయినా తీసేశారు. జట్టు మామూలు స్థాయికి జారిపోతుంటే చూస్తూ ఊరుకోనని అప్పటి అథ్లెటిక్ డైరెక్టర్ అన్నాడు.

అప్పటినుంచి ఈ 2025 ఆగస్టు దాకా ఆ జట్టు ఒక్క కాన్ఫరెన్స్ టైటిల్, అంటే తానాడే కాలేజీ లీగ్ టైటిల్, గెలవలేదు. కోచ్‌లు మాత్రం మారుతూనే ఉన్నారు. ఇప్పుడున్న కొత్త కోచ్ మాట్ రూల్‌కి 2025 మూడో సీజన్. మూడో ఏడంటే కొత్త కోచ్ ఎలా అవుతాడని మీరు అడగొచ్చు. ఒక కోచ్ ఎన్నాళ్లు కొత్తవాడో తేల్చుకోలేకపోవడమే నెబ్రాస్కా అభిమాని అసలు బాధ. ఇవాళ ఆ బాధ గురించే నాలుగు మాటలు చెబుతాను. ఎమ్మెస్ కోసం ఆ యూనివర్సిటీ ఉన్న లింకన్ ఊరు వెళ్లి, డిగ్రీతో పాటు ఈ పిచ్చిని కూడా వెంట తెచ్చుకున్నవాణ్ని కాబట్టి తటస్థంగా మాట్లాడతానని మాత్రం అనుకోకండి.

ముందు ఆట సంగతి. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరిగెడుతూ అవతలి గీత దాటించాలి. దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అంతదూరం వెళ్లలేకపోతే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లతో సరిపెట్టుకోవచ్చు. అది ఫీల్డ్ గోల్. ఏడాదికి 12 ఆటలు. ఆరు గెలిస్తే సీజన్ చివర బౌల్ గేమ్ అనే అదనపు ఆటకు అర్హత వస్తుంది. ఈ మాత్రం తెలిస్తే చాలు.

నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం జనాభా సుమారు 20 లక్షలే. అంతా మొక్కజొన్న, సోయాబీన్, పశువులు. ఈ ఆటకు ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, పెద్ద లీగుల్లో మరే జట్టూ లేదు. ఉన్నదల్లా లింకన్‌లోని ఈ యూనివర్సిటీ జట్టు. మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి. 85,000 మంది ఎర్రచొక్కాలతో కూర్చుంటారు. చలికి క్యాబేజీ, కీమా కూరిన రంజా అనే వేడి రొట్టె తింటూ అరుస్తారు. అక్టోబరులో మొక్కజొన్న కోతలు ఉన్న రైతు హార్వెస్టర్‌లోనే రేడియో పెట్టుకుంటాడు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక పేరు చెప్పాలి, లైల్ బ్రెమ్సర్. 1939 నుంచి 1983 దాకా ఈ జట్టు ఆటలకు వ్యాఖ్యానం చెప్పిన గొంతు ఆయనది. ఆ తరం వాళ్లు టీవీ మ్యూట్ చేసి ఆయన్ని వినేవాళ్లట. మరో మాట, ఆట అయిపోయాక తమ జట్టును ఓడించి వెళ్తున్న జట్టుకు కూడా ఈ జనం చప్పట్లు కొడతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు అది వెటకారం అనిపించింది. కాదు, నిజంగానే కొడతారు.

ఇక్కడ హైదరాబాద్‌లో ఉంటూ చూడటం వేరే తపస్సు. అక్కడ శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే ఆట మనకు ఆదివారం తెల్లవారుజాము ఐదింటికి. ఇంట్లో సుప్రభాతం మొదలయ్యే వేళకు నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పళ్లు నూరుతుంటాను.

సోలిచ్‌ను ఎందుకు తీసేశారో అర్థం కావాలంటే ఆయన ఎవరి కుర్చీలో కూర్చున్నాడో తెలియాలి. టామ్ ఆస్‌బోర్న్. 1973 నుంచి 1997 దాకా 25 సీజన్లు, 255 గెలుపులు. ఏ సీజన్‌లోనూ తొమ్మిదికి తగ్గలేదు. 1994, 1995, 1997లో జాతీయ ఛాంపియన్. అందులో మొదటిది రావడానికి ఆయనకు 22 సీజన్లు పట్టింది. కొత్త కోచ్‌కి టైమివ్వండి అనేవాళ్లందరూ ఈ 22 అంకెనే ముందు పెడతారు. ఆ 22 ఏళ్లూ ఆయన ఏటా తొమ్మిదో పదో గెలుస్తూనే ఉన్నాడన్న సంగతి మాత్రం మింగేస్తారు.

సోలిచ్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి బిల్ క్యాలహాన్‌ను తెచ్చారు. 2004లో, మొదటి ఏడే, గెలుపుల కన్నా ఓటములు ఎక్కువయ్యాయి. 1961 తర్వాత అలా జరగడం అదే మొదలు. 2007లో కాన్సస్ చేతిలో 76 పాయింట్లు ఇచ్చుకున్నారు. ఆయనా వెళ్లాడు. తర్వాత బో పెలీనీ ఏడేళ్లున్నాడు. ఏటా తొమ్మిదో పదో గెలిచాడు, దాదాపు ఏటా నాలుగు ఓడాడు, కెమెరాల ముందు రిఫరీల మీద విరుచుకుపడ్డాడు. 2014లో తొమ్మిది గెలిచాక ఆయన్నీ పంపేశారు. అంటే తొమ్మిది గెలుపులు చాలవని అనడం రెండోసారి. ఆ తర్వాత వచ్చిన మైక్ రైలీ మూడేళ్లలో వెళ్లిపోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి అభిమాని తన్ను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. తప్పు మనదే, మనకు ఓపిక లేదు, తొమ్మిది గెలిచినవాణ్ని తరిమేసి నాలుగు గెలిచేవాణ్ని తెచ్చుకున్నాం అని. సరిగ్గా ఆ సమయంలో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చాడు. నెబ్రాస్కా బిడ్డ. 1997 ఛాంపియన్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించే ఆటగాడు. సెంట్రల్ ఫ్లోరిడాకు కోచ్‌గా 2017లో 13కి 13 గెలిచి వచ్చాడు. ఇంతకన్నా మంచి సంబంధం దొరకదని అందరూ అనుకున్నారు. 2018 సెప్టెంబరు 1న తొలి ఆట మొదలైంది, బంతి తన్నారు, మెరుపులు వచ్చాయి, ఆట రద్దయింది. శకునాల మీద నమ్మకం లేనివాళ్లు కూడా ఆ రాత్రి కాసేపు నమ్మారు.

ఈసారి ఓపిక పట్టారు. నాలుగు గెలుపులు, ఓపిక. ఐదు గెలుపులు, ఓపిక. కోవిడ్ ఏడు మూడు, సరేలే. 2021లో మళ్లీ మూడే గెలిచి తొమ్మిది ఓడారు. ఆ తొమ్మిదీ పది పాయింట్ల లోపు తేడాతోనే. ఇంత దగ్గరికొచ్చి పోతున్నాయంటే ఇంకో అడుగు వేస్తే చాలు కదా అని ఇంకో ఏడు ఇచ్చారు. నాకూ అది న్యాయంగానే తోచింది. 2022లో తొలి ఆట డబ్లిన్‌లో, నార్త్‌వెస్టర్న్ మీద. 11 పాయింట్ల ఆధిక్యంలో ఉండగా ఫ్రాస్ట్ అవసరం లేని సాహసం ఒకటి చేసి బంతి అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. ఆట పోయింది. రెండు వారాల తర్వాత జార్జియా సదరన్ అనే చిన్న జట్టు లింకన్ వచ్చి 45-42తో గెలిచింది. మర్నాడే ఫ్రాస్ట్‌ను తీసేశారు. అక్టోబరు 1 దాకా ఆగితే ఆయనకు ఇవ్వాల్సిన సుమారు ఒకటిన్నర కోట్ల డాలర్లు సగానికి తగ్గేవి. మూడు వారాలు కూడా ఆగలేకపోయారు. మొత్తం లెక్క 16 గెలుపులు, 31 ఓటములు.

తొందరపడి చెడ్డారు, ఓపిక పట్టీ చెడ్డారు. మాట్ రూల్ వచ్చేసరికి అభిమాని దగ్గర ఈ రెండు అనుభవాలూ ఉన్నాయి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

ఇక ఆశ. రూల్‌ని 2022 నవంబరులో ఎనిమిదేళ్లకు 7.4 కోట్ల డాలర్లకు తీసుకున్నారు. పాడైన జట్లను బాగుచేస్తాడని పేరు. టెంపుల్ అనే యూనివర్సిటీలో మొదటి ఏడు 2 గెలిచాడు, రెండో ఏడు 6, మూడో ఏడు 10. బేలర్ యూనివర్సిటీలో మొదటి ఏడు ఒకటే, తర్వాత 7, మూడో ఏడు 11. నెబ్రాస్కాలో 2023లో 5, 2024లో 7. 2024 డిసెంబరులో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బోస్టన్ కాలేజీ మీద 20-15తో బౌల్ గేమ్ కూడా గెలిచారు. 2015 సీజన్ తర్వాత అదే మొదటి బౌల్ గెలుపు. 2025 మూడో ఏడు. లింకన్‌లో మంగలి షాపులో కూర్చున్నవాడైనా ఈ వరుస మీకు వేళ్లమీద అప్పజెప్పగలడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కరోలినాకు కోచ్‌గా ఉండగా 11 గెలిచి 27 ఓడిన సంగతి అడిగితే, అది వేరే లెక్క అంటాడు.

నాకు ఈ మూడో ఏటి జాతకం మీద గురి కుదరడం లేదు. టెంపుల్, బేలర్ రోజుల్లో ఆటగాడు కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. అందుకని కుర్రాళ్లు ఉండిపోయేవాళ్లు, మూడేళ్లలో కండపట్టి, కలిసి ఆడటం నేర్చుకునేవాళ్లు. 2021లో ఆ నిబంధన సడలించారు. అదే ఏడు ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవడానికీ వీలు కలిగింది. 2025 జులై 1 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచొచ్చు. మూడేళ్లు ఓపికగా కట్టే కోచ్ పద్ధతి బాగానే ఉంటుంది, ఆ మూడేళ్లూ కుర్రాళ్లు ఉంటేగా.

క్వార్టర్‌బ్యాక్ డిలన్ రయోలానే చూడండి. వాళ్ల నాన్న డొమినిక్ ఇదే జట్టుకు ఆడాడు, బాబాయి డోనోవన్ 2025 సీజన్ దాకా ఇక్కడే కోచింగ్ సిబ్బందిలో ఉన్నాడు. అయినా డిలన్ ముందు ఒహాయో స్టేట్‌కు మాటిచ్చాడు, తర్వాత జార్జియాకు, 2023 డిసెంబరులో ఇక్కడికి వచ్చాడు. వచ్చినందుకు అందరికీ సంతోషమే. అలా వచ్చినవాడు అలాగే వెళ్లగలడన్న టెన్షన్ కూడా అప్పుడే మొదలైంది.

దీనికన్నా పాత గుబులు ఇంకోటుంది, చివరి నిమిషం. 2023లో రూల్ తొలి ఆట మిన్నెసోటాతో. ఆఖరి బంతికి ఫీల్డ్ గోల్, 13-10, ఓటమి. నవంబరులో మేరీలాండ్, ఆఖరి బంతికి ఫీల్డ్ గోల్, 13-10. అదే నెలలో పొరుగు రాష్ట్రం అయోవా, మళ్లీ ఆఖరి బంతి, మళ్లీ 13-10. ఆ ఏడు ఇంకొక్క ఆట గెలిచి ఉంటే బౌల్ వచ్చేది. 2024లో అయోవాతో ఏమైందో చెప్పక్కర్లేదనుకుంటా. ఆఖరి బంతి, ఫీల్డ్ గోల్, 13-10.

ఫ్రాస్ట్ వెళ్లిపోయాడు, ఆటగాళ్లలో చాలామంది మారిపోయారు, ఓడే తీరు మాత్రం జట్టును వదల్లేదు. కోచ్‌ని నేను మొత్తం గెలుపులతో కొలవడం మానేశాను. తొమ్మిది చాలవన్నప్పుడూ మనం అంకెలే చూశాం, మూడు చాలన్నప్పుడూ అంకెలే చూశాం. ఆఖరి నాలుగు నిమిషాల్లో ఒక టచ్‌డౌన్ తేడాలో ఉన్న ఆటలు ఎన్ని వస్తాయో చూస్తాను. వాటిలో సగం గెలిస్తే రూల్‌ని ఎన్నేళ్లయినా ఉండనివ్వొచ్చు, మొత్తం మీద ఏడే గెలిచినా సరే. చిన్న జట్లను చితక్కొట్టి తొమ్మిది తెచ్చుకుని, ఈ దగ్గరి ఆటలన్నీ పోగొడితే నాకు నమ్మకం కుదరదు. లింకన్‌లో ఉన్న నా మిత్రుడు ఇది ఒప్పుకోడు. తొమ్మిదంటే తొమ్మిదే, నోరు మూసుకుని తీసుకో అంటాడు. 2003లో అతను స్టేడియంలో ఉన్నాడు, నేను లేను. అతని మాటకు ఆ మాత్రం విలువ ఇవ్వాలి.

2025 సీజన్ ఆగస్టు 28న మొదలవుతుంది, కాన్సస్ సిటీలో సిన్సినాటితో. సెప్టెంబరు 20న మిషిగన్ లింకన్‌కు వస్తుంది. ఆఖరిది నవంబరు 28, థాంక్స్‌గివింగ్ మర్నాడు, సొంత మైదానంలో అయోవా. ఆ రోజు ఎలాంటి స్కోరైనా భరిస్తాను. మేమే గెలిచినా సరే, 13-10 మాత్రం వద్దు.

నమస్కారం.