చలిరాత్రులకు ఒక అడవి పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఏదైనా కష్టం ఉన్నప్పుడు డిసెంబరు, జనవరి రాత్రులు ఎంతకీ తెల్లవారవు. సాయంత్రం త్వరగా చీకటి పడిపోతుంది. పెద్దవాళ్లకు దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. ఆస్పత్రి ఖర్చో, పిల్లవాడి ఉద్యోగమో, దూరమైనవాళ్ల తలపో మనసులో మెదులుతుంటే మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకుంటే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. అలాంటి వేళ తోడుండే పుస్తకం ఒకటి ఉంది. బెంగాలీలో దాని పేరు 'ఆరణ్యక్'. రాసినవారు విభూతిభూషణ్ బందోపాధ్యాయ. సూరంపూడి సీతారామ్ గారు దాన్ని 'వనవాసి' పేరుతో తెలుగులోకి తెచ్చారు.

పేరుకి నవలే గానీ, ఇందులో కథ కన్నా అడవే ఎక్కువ. విభూతిభూషణ్ 1920లలో బీహారులోని భాగల్పూర్ ప్రాంతంలో ఒక ఎస్టేటు అడవుల వ్యవహారాలు చూసే ఉద్యోగం చేశారు. ఆ జీవితం గురించి రాయాలని 1928లోనే డైరీలో రాసుకున్నారు. పుస్తకం 1939లో వచ్చింది. దాన్ని ఆయన గౌరికి అంకితమిచ్చారు. గౌరీదేవి ఆయన మొదటి భార్య. పెళ్లయిన కొద్ది కాలానికే, 1918లో చనిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆమె చేతిలో పెట్టాలనిపించింది ఈ అడవినే. ఆ సంగతి తెలిశాక నేను ఈ పుస్తకం చదివే తీరే మారిపోయింది. వెన్నెల గురించి, పేరు తెలియని పూల గురించి ఇంత ఓపికగా రాసిన మనిషి, దుఃఖం అంటే ఏమిటో తెలిసినవాడు.

కథ చెప్పే సత్యచరణ్ చదువుకుని, ఉద్యోగం దొరక్క కలకత్తాలో తిరుగుతున్న కుర్రవాడు. ఒక స్నేహితుడి ద్వారా అడవి ఎస్టేటులో మేనేజరు పని దొరుకుతుంది. శీతాకాలపు సాయంత్రం ఒక చిన్న స్టేషన్లో రైలు దిగుతాడు. పట్టాలకు అటూ ఇటూ బటానీ చేలు. చల్లగాలికి పచ్చి బటానీ ఆకు వాసన వస్తుంటే, ఇకమీదట తనది ఒంటరి బతుకేనని అతనికి తోస్తుంది. మొదట్లో అతనికి అడవి అసలు నచ్చదు. ఎప్పుడు కలకత్తా వెళ్లిపోదామా అనే ఉంటుంది. అక్కడ ఏళ్లుగా ఉన్న గుమాస్తా ఒకాయన, కొన్నాళ్లు పోతే ఈ అడవి మిమ్మల్ని పట్టుకుంటుంది, వదలదు అంటాడు. చివరికి అదే జరుగుతుంది గానీ, మెల్లగా జరుగుతుంది. నేను ఈ పుస్తకాన్ని నమ్మేది అందుకే. బాధలో ఉన్నవాళ్లతో "ఆ చెట్టు చూడు, ఎంత బాగుందో" అంటే వాళ్లకు ఒళ్లు మండుతుంది. విభూతిభూషణ్ మనల్ని అలా తొందరపెట్టడు.

చలిని కూడా ఆయన అందంగా వర్ణించి ఊరుకోలేదు. కోతలకు కూలికి వచ్చిన ఒక కుటుంబం ఇందులో ఉంది. రాత్రి కప్పుకోవడానికి వాళ్ల దగ్గర సరైన బట్ట లేదు. మినుములు నూర్చగా మిగిలిన పొట్టు గుట్టలో దూరి పడుకుంటారు, పిల్లలతో సహా. ప్రకృతి గురించి రాసేవాళ్లకు మనుషుల కష్టం కనబడదని అనుకునేవాళ్లు ఈ పేజీలు తప్పకుండా చదవాలి. నా కష్టమే లోకంలో పెద్దది అనిపించే రాత్రి ఆ పిల్లలు కళ్లముందు మెదులుతారు. కన్నీళ్లు వస్తాయి. అవి నా కోసం కాకపోవడం వల్లనేమో, గుండె కొంచెం తేలికపడుతుంది.

ఇక యుగళప్రసాద్. నాకు ఈ పుస్తకంలో అందరికన్నా ఇష్టమైన మనిషి. అడవి మధ్యలో సరస్వతీ కుండం అనే సరస్సు ఉంది. ఒకరోజు సత్యచరణ్‌కు అక్కడ నేల తవ్వుతున్న మనిషి కనిపిస్తాడు. ఏం చేస్తున్నావంటే, విత్తనాలు నాటుతున్నానంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కల విత్తనాలు, తీగలు, దుంపలు తెచ్చి అడవిలో నాటడమే అతని పని. నేల అతనిది కాదు. జీతం ఇచ్చేవాళ్లు లేరు, చూసి మెచ్చుకునేవాళ్లూ లేరు. ఇంట్లో చూస్తే పేదరికం. సత్యచరణ్ అతనికి తోడవుతాడు, కలకత్తా నుంచి విత్తనాలు తెప్పిస్తాడు.

ఇదే సత్యచరణ్ ఉద్యోగం మాత్రం అడవిని ముక్కలు చేసి రైతులకు కౌలుకివ్వడం. చెట్లు కొట్టేస్తున్నారు, గుడిసెలు లేస్తున్నాయి. సరస్వతీ కుండం దగ్గరి నేలను ఎవరికీ ఇవ్వకుండా వీలైనంత కాలం ఆపుతాడు. చివర్లో ఆ అడవి దేవతలను క్షమించమని వేడుకుంటాడు. పోయినదాన్ని పోలేదని మభ్యపెట్టని పుస్తకం ఇది. అందుకే ఇది ఇచ్చే ఓదార్పు మర్నాడు పొద్దున్న కూడా మిగులుతుంది.

ఒక చలికాలం మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రాత్రిళ్లు యుగళప్రసాద్ వచ్చే భాగాలే చదివి వినిపించేదాన్ని. మందుల మత్తులో సగం వినేది, సగం వదిలేసేది. అయినా కళ్లు తెరవగానే "ఆ విత్తనాలు మొలిచాయా?" అని అడిగేది. తన జ్వరం సంగతి, బిల్లు సంగతి కాకుండా ఆమె వేరే దేని గురించైనా అడిగింది అప్పుడే.

మీ ఇంట్లోనూ మంచం పట్టినవారు ఉంటే ఈ పుస్తకం పైకి చదవండి. రోజుకు రెండు మూడు పేజీలు చాలు. మొదటి నుంచే చదవాలని లేదు, సరస్వతీ కుండం దగ్గర మొదలుపెట్టినా ఏమీ పోదు. వింటూ వింటూ నిద్రపోతే పోనివ్వండి. మీ ఊరి గ్రంథాలయంలో 'వనవాసి' అని అడగండి, అక్కడ లేకపోతే తెప్పించమని కోరండి.

సెలవు, నమస్కారం.