రెండు ఉద్యోగాల మధ్య
(బెంగళూరులోని తెలుగువారి మే డే సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

ఈ కాలం పిల్లలకు కష్టపడే గుణం తగ్గిందా అన్నది నాకిచ్చిన అంశం. తగ్గలేదని ఒక్క ముక్కలో చెప్పి కూర్చోవచ్చు. కానీ టిఫిన్లు ఇంకా రాలేదంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటలన్న మాట బయటికొచ్చింది. పాట పెరుగుతూనే ఉంది! ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్ళే, కాదనను. కానీ మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో ఇంటర్వ్యూ కాల్ కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలు 70 గంటలకూ రెడీయే. చేయించుకునేవాళ్ళేరి? ఇక పాలమూరు నుంచి, అనంతపురం నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ళకు ఎవరూ గంటలు చెప్పక్కర్లేదు. గంటలే ఆస్తిగా మారేట్టయితే ఈ ఊళ్ళో సగం ఫ్లాట్లు వాళ్ళ పేరు మీదే ఉండాలి.

పని గురించి ఈ నేల మీద ఎప్పుడో గొప్ప మాట పుట్టింది. కాయకవే కైలాస, అంటే పనే కైలాసం. పన్నెండో శతాబ్దంలో, శరణుల గురువు బసవన్న కాలంలో, ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యం ఏరుకొచ్చి బతికేవాడు. ఒకరోజు రోజువారీ కన్నా ఎక్కువ తెచ్చాడు. భార్య లక్కమ్మ ఒప్పుకోలేదు. ఇంత ఆశ మనకెందుకు, ఎక్కువైంది అక్కడే పోసి రమ్మని పంపేసింది. పని చెయ్యమన్నవాళ్ళే, అవసరానికి మించి కూడబెట్టొద్దని కూడా అన్నారు. బ్యానర్ల మీద మాత్రం మొదటి సగమే కనిపిస్తుంది.

సర్కారు లెక్క చూద్దాం. 2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగం 3.2 శాతం. 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళలో 10.2. ఇంతేనా అనిపిస్తుంది. జీతం లేకుండా నాన్న పొలంలోనో కొట్లోనో సాయం చేసే కొడుకు కూడా ఆ లెక్కలో ఉపాధి ఉన్నవాడే. పైగా పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఎక్కడిది? నాలుగు నెలలు మంచి ఉద్యోగం వెతుక్కోవాలంటే ఆ నాలుగు నెలలూ ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. నా దృష్టిలో అసలు సమస్య ఇదే.

నేను ఇక్కడి పీణ్యా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేశాను. గార్మెంట్స్ ఆడవాళ్ళు పీఎఫ్, అంటే భవిష్య నిధి, డబ్బు కోసమే రాజీనామా చేసేవాళ్ళు. కూతురి పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో వస్తే అంతే. డబ్బు తీసుకుని పక్క ఫ్యాక్టరీలో చేరేవాళ్ళు. ఐదేళ్ళ సర్వీసు నిండక గ్రాట్యుటీ పోయేది. తెలివితక్కువ పని అని ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. వాళ్ళకు ఇంకో దారి ఏముందో మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

అలాంటి సమయంలో, 2016లో, పీఎఫ్‌లో యజమాని కట్టిన వాటా 58 ఏళ్ళు నిండాకే తీసుకోవాలని కేంద్రం రూలు పెట్టింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. పని పోతే భృతి లేదు, సొంత డబ్బూ ముట్టుకోకూడదు! ఏప్రిల్ 18న ఆ ఆడవాళ్ళు రోడ్డెక్కారు. హోసూరు రోడ్డు స్తంభించింది. మర్నాడే కేంద్రం రూలు వెనక్కి తీసుకుంది. రాళ్ళు పడ్డాయి, బస్సులు తగలబడ్డాయి, అది మంచిది కాదు. కానీ భవిష్య నిధి ఈ దేశంలో నిరుద్యోగ భృతిగా పనిచేస్తోందని ఢిల్లీకి తెలిసింది ఆ రెండు రోజుల్లోనే.

అసలు భృతి అంటూ లేదా? ఉంది. కార్మికుల బీమా ఈఎస్‌ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో తెచ్చారు. పని పోయినవాళ్ళకు 90 రోజుల దాకా సగటు జీతంలో సగం ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. అదీ శాశ్వతం కాదు, గడువులు పెట్టి పొడిగిస్తూ వచ్చారు. ఈఎస్‌ఐలో చేరాలంటే జీతం 21 వేలు దాటకూడదన్న పరిమితి 2017లో పెట్టింది. ఆ తర్వాత ఈ ఊళ్ళో అద్దెలు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పాలా?

రాష్ట్రాల భృతులూ ఉన్నాయి. కర్ణాటక యువనిధిలో పని దొరకని డిగ్రీవాళ్ళకు నెలకు 3,000 రూపాయలు, రెండేళ్ళ దాకా. మంచిదే, కానీ స్థానికులకే. ఆంధ్రాలో 2018లో ఇలాంటిదే యువనేస్తం వచ్చింది, ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. 2024లో ఇక్కడ ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానిక కోటా బిల్లుకు కేబినెట్ ఒప్పుకుంటే మనవాళ్ళు ఉలిక్కిపడ్డారు. 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకేనని చట్టం చేసింది మన ఆంధ్రానే. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు ఈ హాల్లో కూడా ఉన్నారు, పేర్లు చెప్పను.

నన్నడిగితే, ఆ ఈఎస్‌ఐ భృతిని శాశ్వతం చేయాలి. ఒక్కసారే అన్న షరతు తీసేయాలి, జీతం పరిమితి పెంచాలి. ఏ రాష్ట్రంలో పనిచేసినా కట్టిన చందా మనిషి వెంటే ఉంటుంది కాబట్టి మనలాంటి వలసవాళ్ళకు ఇదే సరిపోతుంది.

మీలో రెండేళ్ళకు మించి ఈఎస్‌ఐ కట్టి ఈమధ్య పని పోయినవాళ్ళుంటే ఆ నంబరు తీసుకుని నా దగ్గరికి రండి. పథకం ఇప్పుడు అమల్లో ఉందో లేదో ముందు చూసి, ఉంటే దరఖాస్తు ఇక్కడే నింపుదాం. టిఫిన్లు వచ్చినట్టున్నాయి, తింటూ మాట్లాడుకుందాం.